కాలర్ పట్టు దొరికింది, మరి పడగొట్టేదెలా?

ప్రశ్న: నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఎనిమిది నెలలుగా వారానికి మూడు సాయంత్రాలు బ్రెజిలియన్ జియు-జిత్సు (కుస్తీ లాంటి పట్ల విద్య) నేర్చుకుంటున్నాను, ఇంకా మొదటి మెట్టైన వైట్ బెల్టే. నిలబడి మొదలుపెట్టే రౌండ్లలో అవతలివారి గీ (సాధనలో వేసుకునే మందపాటి కోటు) కాలర్ నాకు సులువుగానే దొరుకుతుంది కానీ, ఆ తర్వాత ఏం చేయాలో తోచదు. బలమంతా పెట్టి లాగుతాను. వాళ్ళు వంగి బిగుసుకుపోతారు. కాసేపటికే నా చేతులు మొద్దుబారిపోతాయి, చివరికి నేనే కూర్చుని గార్డ్‌లోకి (కింద ఉండి కాళ్ళతో అవతలివారిని అదుపుచేసే స్థితిలోకి) లాక్కుంటాను. చిత్తూరులో మా తాతగారు వయసులో ఉన్నప్పుడు కుస్తీలు పట్టేవారు. ఆయనకు ఈ సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. కాలర్ పట్టు నుంచి టేక్‌డౌన్‌కు, అంటే అవతలివారిని నేలకు పడగొట్టడానికి, దారి చెప్పగలరా?

జవాబు: కాలర్ సులువుగా దొరుకుతోందన్నారు కాబట్టి కష్టమైన పని సగం మీరు చేస్తూనే ఉన్నారు. లోపమంతా ఆ తర్వాత ఒకే దిక్కుకు, ఒకే బలంతో, ఆపకుండా లాగడంలో ఉంది. పలుపు పట్టి దూడను గుంజితే అది ముందుకు రాదు, నాలుగు కాళ్ళూ నేలలో పాతి వెనక్కి తన్నుకుంటుంది. మీ ఎదుటివారు వంగి బిగుసుకుపోవడం కూడా అలాంటిదే. కాలర్ పట్టుకునేది మనిషిని మన దగ్గరకు తెచ్చుకోవడానికి కాదు, అతడు ఏ క్షణాన ఏ కాలి మీద బరువు మోపాలో మనం నిర్ణయించడానికి. ఈ ఒక్క మాట ఒంటికి పట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ముందు పట్టు సంగతి చూద్దాం. మీ కుడిచేత్తో అతడి ఎడమవైపు కాలర్‌ను కంటె ఎముక ఎత్తులో, నాలుగు వేళ్ళు లోపలికి, బొటనవేలు బయటికి ఉండేలా పట్టుకోండి. బిగింపు చిటికెన వేలు, దాని పక్కనున్న రెండు వేళ్ళలో ఉండాలి, చూపుడు వేలు వదులుగా ఉన్నా ఫరవాలేదు. మోచేయి కిందికి దిగి, ముంజేయి అతడి ఛాతీకి ఆనుకుని ఉంటే, అతడు మీదికి దూసుకొచ్చినప్పుడు ఆ ముంజేయే అడ్డుకర్ర అవుతుంది, వెనక్కి తగ్గినప్పుడు ఆ కదలిక మీ చేతికి ముందే తెలుస్తుంది. మోచేయి పక్కకు లేచిందంటే మాత్రం ఆ సందులోంచి అతడు మీ నడుము పట్టేస్తాడు. మెడ వెనుక దాకా వెళ్ళే లోతైన పట్టు తలను బాగా వంచుతుంది, నిజమే. అయితే మీ చంక తెరుచుకుంటుంది కాబట్టి ప్రస్తుతానికి కంటె ఎముక దగ్గరే ఆగమని నా సలహా.

ఇక బరువు సంగతి. లాగవలసింది చేతితో కాదు, పాదాలతో. మోచేతిని అలాగే ఉంచి, మీ కుడివైపుకు అర్ధచంద్రాకారంగా వెనక్కి అడుగులు వేయండి. కాలర్ మీ వెంట వస్తుంది, దానితోపాటు ఆ మనిషీ తిరగవలసి వస్తుంది, పడిపోకుండా ఉండటానికి అతడి కుడికాలు ముందుకు పడుతుంది. ఆ పాదం నేలను తాకి బరువు మోస్తున్న క్షణమే మీకు కావలసింది. అప్పుడు కాలర్‌ను అతడి కుడి మోకాలి మీదికి కిందికి గుంజుతూ, మీ ఎడమ మోకాలు నేలకు దించి, ఎడమచేత్తో అతడి కుడి మడమను వెనుక నుంచి అందుకోండి. బరువంతా దాని మీదే ఉంది కాబట్టి ఆ కాలిని అతడు ఎత్తలేడు. మడమను మీ వైపు ఉంచుకుని కాలర్‌ను వెనక్కి నెట్టితే కూలబడతాడు. దీన్ని యాంకిల్ పిక్ అంటారు. బలం తక్కువైనా వేళ తప్పకుండా ఉంటే పనిచేసే విద్య ఇది, అందుకే మీకు మొదట దీన్నే సూచిస్తున్నాను.

మీ ఎదుటివారు వంగి బిగుసుకుపోతున్నారన్నారు. అలా వంగినవారి మీద కాలర్ డ్రాగ్ (కాలర్ పట్టి పక్కకు ఈడ్చడం) ఇంకా బాగా పనిచేస్తుంది. ఇందులో పట్టు మారుతుంది: మీ కుడిచెయ్యి అడ్డంగా వెళ్ళి అతడి కుడివైపు కాలర్‌నే పట్టాలి. అతడు ముందుకు నెట్టగానే, ఎదురు నెట్టకుండా మీ ఎడమపాదాన్ని అతడి కుడిపాదానికి బయటి పక్కకు వేసి, కాలర్‌ను మీ కుడి తుంటి వైపు కిందికి లాగండి. అతడి చేతులు మ్యాట్ మీద ఆనేసరికి మీరు అతడి వీపు వైపు ఉంటారు. నేరుగా అతడి మోకాళ్ళ ముందు కూలబడటం మాత్రం ఎప్పుడూ చేయకండి, అతడి బరువు తప్పుగా పడితే ఇద్దరిలో ఒకరి మోకాలికి దెబ్బ తగులుతుంది.

రెండుసార్లు కిందికి గుంజినవాడు మూడోసారి తప్పకుండా నిటారుగా లేస్తాడు. అప్పుడు జూడోలోని ఓసోతో గారి ఉంది: ఎడమచేత్తో అతడి కుడి స్లీవ్ పట్టి, కాలర్ పట్టిన ముంజేతితో అతడి బరువును కుడి మడమ మీదికి వెనక్కి మోపించి, మీ కుడికాలితో ఆ కాలిని వెనుక నుంచి ఊడ్చేయడం. వెనక్కి పడటం రానివారి మీద దీన్ని ప్రయోగించవద్దు.

ఈ కాలర్, స్లీవ్ పట్టులన్నీ జియు-జిత్సుకు జూడో ఇచ్చినవే. జూడోను రూపొందించిన జిగోరో కానో 1882లో స్థాపించిన కొడోకాన్ శిక్షణాలయంలో నేర్చుకున్న మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరి, అక్కడ బ్రెజిలియన్ జియు-జిత్సును తీర్చిదిద్దిన గ్రేసీ కుటుంబానికి ఈ విద్య అందించాడు. అయితే జూడో వీడియోలు చూసి నేర్చుకునేటప్పుడు ఒక తేడా గమనించాలి. అంతర్జాతీయ జూడో పోటీల్లో చేత్తో కాలు పట్టడాన్ని 2013 నుంచి పూర్తిగా నిషేధించారు, కాబట్టి వాళ్ళు నిటారుగా నిలబడగలరు. మన ఆటలో కాలు పట్టవచ్చు గనుక అందరూ వంగే ఉంటారు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిత్సు సమాఖ్య) నియమాల ప్రకారం పడగొట్టి 3 సెకన్లు అదుపులో ఉంచితే 2 పాయింట్లు వస్తాయి, గార్డ్‌లోకి లాక్కుంటే ఏమీ రావు. గార్డ్ చేతకానితనమేమీ కాదు, కానీ వేరే దారి లేక కూర్చోవడం వేరు, కోరి కూర్చోవడం వేరు.

మన నగరంలో చాలా శిక్షణ హాళ్ళు ఇరుకైనవి. ఒకేసారి పది జంటలు దిగితే కోచ్‌లు మోకాళ్ళ మీద నుంచే రౌండ్లు మొదలుపెట్టించడం సహజం. అందుచేత క్లాసు తర్వాత పది నిమిషాలు ఒక తోడును అడిగి, ఎవరూ ఎవరినీ పడగొట్టకుండా, కాలర్ పట్టుతో అవతలివారి పాదాలను కదిలించడం మాత్రమే సాధన చేయండి. తాతగారికి తప్పక చెప్పండి. కుస్తీలో పట్టడానికి కాలర్ ఉండదు, మెడను పట్టే అక్కడ బరువు కదిలిస్తారు. మెడ మీద చెయ్యి వేసి ఎలా నడిపించేవారో చూపించమని అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్ళు. జియు-జిత్సు క్లాసు నుంచి వచ్చేసరికి వేళ్ళ కణుపులు వాచి ఉంటున్నాయి. కాలర్ పట్టి పట్టి అలా అవుతోందంటుంది. టేపు చుట్టితే సరిపోతుందా? – ఒక తల్లి, కృష్ణరాజపురం

జవాబు: టేపు వేలికి ఊతమిస్తుందేగానీ వాపును తగ్గించదమ్మా. పట్టుతో పాటు విడుపూ నేర్చుకోమని అమ్మాయికి చెప్పండి. అవతలివారు రెండు చేతులతో పట్టు విడిపించే వేళ మొండిగా వేలాడితేనే కణుపులు మెలిపడతాయి. వదిలేసి మళ్ళీ పట్టుకోవడంలో నష్టమేమీ లేదు. అవతలివారిని నడిపించే క్షణంలో తప్ప మిగతా సమయమంతా పిడికిలి సడలించే ఉంచవచ్చు. స్లీవ్ అంచు లోపలికి వేళ్ళు దూర్చడం పోటీల్లో నిషిద్ధం, సాధనలోనూ ఆ అలవాటు వద్దు. వేలు పూర్తిగా ముడవలేకపోయినా, వాపు కొన్ని రోజుల్లో తగ్గకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. ఆయన సరేనంటే, ఆ వేళ్ళు కుదుటపడేవరకు గీ లేకుండా జరిగే క్లాసులకు పంపించవచ్చు.