గెడ్డలో పురుగులు ఉన్నాయి, మరి వాటిలో బలం?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర పల్లె, పొలం పక్కనే గెడ్డ (చిన్న వాగు). ఐదేళ్ల కిందట గట్టు మీద చెట్లు కొట్టేసి కూరగాయలు వేశాం, ఎరువులూ వేస్తున్నాం. సాయంత్రమైతే నీళ్ల మీద పురుగులు మునుపటికంటే ఎక్కువే ముసురుతున్నాయి. 'పిట్టలకి తిండికేం లోటు?' అంటారు నాన్న. పొలాల పక్క వాగుల్లో పురుగులకి పోషకాలు తగ్గుతాయని చదివాను. పురుగు ఎక్కడైనా పురుగే కదా, తేడా ఏముంటుంది?
- ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: చాలా తేడా ఉంటుందండీ. మీ నాన్నగారు లెక్క చూస్తున్నారు, అది తప్పు కాదు, కానీ పిట్టకి లెక్కతో పాటు ఆ పురుగు ఒంట్లో ఏముందన్నదీ ముఖ్యమే.

నీళ్లలో పెరిగి, పెద్దయ్యాక గాల్లోకి ఎగిరే పురుగుల్లో ఇ.పి.ఎ. అనే ఒమేగా-3 కొవ్వు బాగా ఉంటుంది, నేల మీద పురుగుల్లో అది చాలా తక్కువ. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు ట్రీ స్వాలో అనే పిట్ట పిల్లల మీద ప్రయోగం చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఇలాంటి ఒమేగా-3 ఎక్కువున్న తిండి కొంచెమే తిన్న పిల్లలు, అది తక్కువున్న తిండి కడుపునిండా తిన్న పిల్లలకంటే బాగా ఎదిగాయి. నాకైతే ఇది చదివాక గాల్లో ఎగిరే పురుగుల గుంపుని చూసే తీరే మారిపోయింది.

మరి పురుగుకి ఆ కొవ్వు ఎక్కడిది? రాళ్ల మీద నాచు నుంచి. గోధుమరంగులో, చేతికి జారుడుగా తగిలే పల్చటి పొర ఉంటుందే, అందులో ఎక్కువ భాగం డయాటమ్‌లనే సూక్ష్మజీవులు, ఇ.పి.ఎ.ని తయారుచేసేది అవే. జుట్టులా సాగే పచ్చ నాచులో అది చాలా తక్కువ, నీలి-ఆకుపచ్చ నాచులో దాదాపు ఉండదు. చెట్టు కొట్టేస్తే ఎండ నేరుగా నీళ్ల మీద పడుతుంది, నీళ్లు వేడెక్కుతాయి, పొలంలో వేసిన ఎరువు వానకి కొట్టుకొచ్చి కలుస్తుంది, అప్పుడు పచ్చ నాచుదే పైచేయి కావచ్చు. పైగా కోతకు గురైన మట్టి రాళ్ల సందులు పూడ్చేస్తుంది. రాళ్ల మీద నాచుని గీకి తినే మేఫ్లై అనే నీటి పురుగు పిల్లలకి చోటు పోయి, బురదని తట్టుకునే చిన్న చిన్న ఈగలు పెరుగుతాయి. మీకు సాయంత్రం కనిపిస్తున్న గుంపు వీటిదే కావచ్చు, చూడకుండా గట్టిగా చెప్పలేను.

అయితే ఒక్క మాట. ఎండ పడితే ప్రతిసారీ నష్టమే అనుకోకండి. కొన్నిచోట్ల వెలుతురు పెరిగాక డయాటమ్‌లూ పెరుగుతాయి, పురుగుల మొత్తం బరువూ పెరుగుతుంది. గెడ్డని బట్టి, ఎరువుని బట్టి, ఎంత మట్టి కొట్టుకొస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. పురుగుమందు మాత్రం ఎక్కడైనా చెడే, స్ప్రేయర్ డబ్బా గెడ్డలో కడగకండి, దయచేసి.

పొలం మానేయమని నేను అనను, బతకాలి కదా. రెండు గట్ల మీదా కొన్ని అడుగుల వెడల్పున చెట్లూ గడ్డీ మళ్లీ పెరగనివ్వండి. నీడ వస్తుంది, మట్టి ఆగుతుంది, ఎరువు నీళ్లలోకి చేరేలోపు వేళ్లే కొంత లాగేసుకుంటాయి.

వానలు తగ్గి నీళ్లు తేటపడ్డాక మీరే చూసుకోవచ్చు. మీ పొలం దగ్గర నాలుగు రాళ్లూ, ఎగువన అడవిలో నాలుగు రాళ్లూ తిరగేయండి. సన్నటి మూడు తోకల పురుగులు ఎక్కువగా మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువులతో గూడు కట్టుకుని అందులో దాక్కునేవి క్యాడిస్ అనే మరో నీటి పురుగు పిల్లలు. రాయి మీద నాచు రంగు ఏమిటో, ఏ పురుగు ఎన్ని ఉన్నాయో రాసుకుని మాకు పంపండి, అప్పుడు మీ గెడ్డ గురించే మాట్లాడుకుందాం.