ఖాళీ నేల అని రాసి ఉంటే, ఏ నెలలో చూశారో అడగండి

జైసల్మేర్ దగ్గర పెద్ద సోలార్ ప్రాజెక్టులో సైట్ ఇంజనీరుగా చేరబోతున్నానని, అక్కడ బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్), ఇతర వన్యప్రాణుల కోసం తీసుకునే జాగ్రత్తలు నిజంగా పనిచేస్తాయా లేక కాగితాల వరకేనా అని మీరు అడిగారు. ఆ జిల్లాలోనే నాలుగేళ్లు సివిల్ పనులు చూసినవాడిగా చెబుతున్నాను. పనిచేస్తాయి, కానీ వేళకు చేస్తేనే. నేను చూసిన నష్టాల్లో చాలావరకు దుర్మార్గం వల్ల జరిగినవి కావు. అక్కడ ఏముందో సరిగ్గా చూడకుండా పని మొదలుపెట్టడం వల్ల జరిగినవి.

మా సైటులో వన్యప్రాణుల సర్వే డిసెంబరులో జరిగింది. నలుగురు రెండు రోజులు జీపులో తిరిగి, సరీసృపాలు చెప్పుకోదగ్గవి కనిపించలేదని రాశారు. వాళ్లు అబద్ధం రాయలేదు, నిజంగానే కనిపించలేదు. అక్కడివాళ్లు సాండా అని పిలిచే ముళ్లతోక బల్లి చలికాలమంతా బొరియలోనే ఉంటుంది. లోపలికి వెళ్లాక ద్వారాన్ని మట్టితో పూడ్చుకుంటుంది. పైనుంచి చూస్తే కాస్త గరుకుగా ఉన్న నేల, అంతే. బూటు కింద పడినా తెలియదు.

మార్చిలో నేల చదును చేయడానికి గ్రేడర్ వచ్చింది. ఆ రోజు ఎండ ఎక్కాక మూడో బ్లాకులోకి నడిచి వెళ్తే, నేల మీద అర్ధచంద్రాకారపు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కో రంధ్రం ముందు విసనకర్రలా పరుచుకున్న తాజా మట్టి. కొన్నిటి అంచున మట్టిరంగు తల ఒకటి ఎండ కాచుకుంటూ ఉంది. దగ్గరికి అడుగు వేస్తే చాలు, ముళ్ల తోక ఒక్కసారి మెరిసి లోపలికి జారిపోయేది. మధ్యాహ్నానికి నేను లెక్కపెట్టినవే వంద దాటాయి. అది గడ్డీ ఆకులూ తిని బతికే సాధుజీవి. గద్దలు, డేగలు, నక్కలు దాని మీద ఆధారపడి బతుకుతాయి. మా నివేదిక ప్రకారం మాత్రం ఆ బ్లాకులో ఏమీ లేదు.

పని ఆపమని అడిగాను. యంత్రం అద్దె గంటల లెక్కన నడుస్తోంది, ఆపే అధికారం నీకెక్కడుంది అన్నారు. నిజమే, నాకు లేదు. రెండు రోజులు బతిమాలి, సామాను నిల్వ చేసే యార్డును ఈ బ్లాకులోకి మార్చి, అందులో బొరియలున్న వైపు కంచె వేయించి సగం బ్లాకును కాపాడగలిగాం. మిగతా సగం మూడో రోజు చదునైపోయింది. గ్రేడర్ వెళ్లిన దారిలో ఒక్క రంధ్రమూ మిగల్లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నున్నటి నేల కళ్లముందు నుంచి పోలేదు.

ఇది మన దగ్గరే జరిగే పొరపాటు కాదు. అమెరికాలోని మొహావీ ఎడారిలో ఇవాన్‌పా సోలార్ ప్రాజెక్టు కట్టేటప్పుడు ఎడారి తాబేళ్లు ముందు వేసిన అంచనా కంటే చాలా ఎక్కువగా బయటపడ్డాయి. 2011లో కొంత భాగంలో పనులు ఆపి, లెక్కలు మళ్లీ వేయాల్సి వచ్చింది. బొరియల్లో బతికే జీవిని పైపైన చూసి లెక్కగడితే ఎక్కడైనా ఇదే జరుగుతుంది.

ఇక బట్టమేక పిట్ట. రాజస్థాన్ రాష్ట్ర పక్షి ఇది, అక్కడ గోడావణ్ అంటారు. మన కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడిందీ దీని కోసమే. ఇప్పుడు అక్కడ కనిపించడమే గగనం. దేశం మొత్తం మీద మిగిలినవి నూటయాభై లోపేనని అంచనా, వాటిలో అత్యధికం జైసల్మేర్ చుట్టుపక్కలే. మగపక్షి బరువు 15 కిలోల దాకా ఉంటుంది. కళ్లు తలకు పక్కలకు ఉండడం వల్ల ఎదురుగా కనిపించేది తక్కువ. ఎగురుతూ కింది నేలను వెతుక్కునేటప్పుడు ముందున్న తీగ దానికి కనపడదు. కనపడినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ బట్టబయలు నేల మీద. కాబట్టి ఒక పెద్ద పక్షి తీగకు తగిలి చనిపోతే ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. సోలార్ పలకలు పక్షి ఆవాసాన్ని మింగుతాయి, అది నిజమే. కానీ పక్షిని నేరుగా చంపేది పలకల నుంచి సబ్‌స్టేషన్ దాకా, అక్కడి నుంచి గ్రిడ్ దాకా వెళ్లే తీగ. అందులోనూ టవర్ల మీద అన్నిటికన్నా పైన, పిడుగుల నుంచి లైనును కాపాడడానికి ఉండే సన్నని ఎర్త్ వైరు. కింది లావు తీగలను చూసి పైకి లేచిన పక్షి దానికి తగులుతుంది. మా లైను కింద ఒక జనవరి ఉదయం కుర్జా ఒకటి పడి ఉంది. చలికాలం గడపడానికి మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే బెగ్గురు పక్షి అది. రెక్క భుజం దగ్గర విరిగింది, ఈకలు మాత్రం చెదరలేదు. అంత దూరం ఎగిరి వచ్చి మేం లాగిన తీగ దగ్గర ఆగిపోయింది. తీగలకు డైవర్టర్లు, అంటే పక్షికి తీగ కనపడేలా తగిలించే తిరిగే బిళ్లలు, బిగించాలన్న నిబంధన అప్పటికే కాగితం మీద ఉంది, బిగించాల్సినవి గోదాములో ఉన్నాయి. తర్వాత బిగించారు. రెండో వేసవికి కొన్ని తిరగడం మానేశాయి, కొన్ని జారి టవర్ దగ్గరికి చేరాయి. బిగించి ఫొటో తీసి వదిలేస్తే సరిపోదు, ఏటా ఎవరో ఒకరు లైను వెంట నడిచి చూడాలి. సైటు లోపలి 33 కేవీ తీగలనైతే భూగర్భ కేబుళ్లుగా వేయడం కష్టమేమీ కాదు. 400 కేవీ లైన్ల దగ్గరే అసలు చిక్కు. వాటికి దారి మార్చడం తప్ప నమ్మదగ్గ ఉపాయం నాకు కనిపించలేదు.

దీని మీద సుప్రీంకోర్టులో పెద్ద వ్యాజ్యమే నడిచింది. మాజీ ఐఏఎస్ అధికారి ఎం.కె. రంజిత్‌సింహ్ తదితరులు వేసిన కేసులో 2021 ఏప్రిల్‌లో కోర్టు తీగలను భూగర్భంలో వేయాలని ఆదేశించింది. అంత విస్తీర్ణంలో అది సాధ్యం కాదంటూ 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీని వేసింది. 2025 డిసెంబరులో ఆ కమిటీ సిఫారసులను ఆమోదించింది. దాని ప్రకారం రాజస్థాన్‌లో 14,013 చదరపు కిలోమీటర్లు ఈ పక్షి రక్షణకు ప్రాధాన్య ప్రాంతం. మీ సైటు ఆ ప్రాంతపు సరిహద్దు గీతకు లోపలా, బయటా, ఎంత దూరంలో ఉందో చేరిన మొదటి రోజే మ్యాపులో చూసుకోండి. పక్షికి ఆ గీత తెలియదని కూడా గుర్తుంచుకోండి.

సోలార్ వద్దనే మాట నేను అనను. బొగ్గు తగ్గాలంటే ఇది కావాలి, అందుకే ఈ రంగంలో ఉన్నాను. కానీ ఎడారిలో ‘బంజరు’ అని రెవెన్యూ రికార్డులో ఉన్న భూమిలో కొంత నిజానికి ఓరణ్. అంటే దేవత పేరున తరతరాలుగా చెట్టు కొట్టకుండా కాపాడుకుంటున్న మేత భూమి. ఏ పొదలో ఏ పక్షి గుడ్డు పెడుతుందో, చింకారా అనే చిన్న జింక ఏ దారిన నీళ్లకు వస్తుందో గొర్రెల కాపరులకు తెలుసు. మా కంచె ఒక చింకారా దారికి అడ్డంగా పడిందని చెప్పింది సర్వే బృందం కాదు, ఒక ముసలి కాపరి. ఆయన చెప్పాక ఆ మూల కంచెను రెండు వందల మీటర్లు వెనక్కి జరిపాం. ఖర్చు పెద్దగా కాలేదు.

ఇంజనీరుగా మీ చేతిలో పూర్తిగా ఉండేది ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: కార్మికుల శిబిరంలో మిగిలిన అన్నం, రొట్టెలు. బయట పారేస్తే నెల తిరిగేలోగా కుక్కలు చేరతాయి. మా దగ్గర మొదట మూడు, ఏడాదికి ఇరవై పైన. నేల మీది గుడ్లను తినేవీ, చింకారాను తరిమి కంచెలో ఇరికించి చంపేవీ ఈ కుక్కలే. మూతలున్న డబ్బాలు పెట్టించి, రోజూ గుంతలో పూడ్పించడం మొదలుపెట్టాక కొత్తవి రావడం ఆగింది. మొదటి రోజు నుంచే చేసి ఉండాల్సిన పని అది.

చేరే ముందు కంపెనీని రెండు ప్రశ్నలు అడగండి. జంతువు కనిపిస్తే యంత్రాన్ని ఆపించే అధికారం రాతపూర్వకంగా ఎవరికి ఉంది? సర్వే ఏ తేదీల్లో జరిగింది? నివేదిక మీద డిసెంబరు, జనవరి అని ఉంటే, పనులు మొదలయ్యే లోపు మార్చిలో ఒకసారి, వానలు పడ్డాక ఇంకొకసారి నేల మీద నడిచి చూడడానికి ఒప్పించండి. ఎండ ఎక్కాక వెళ్లండి, జీపు దూరంగా ఆపి.