పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన వెన్వ్ పనిచేయకపోతే

తమ్ముడూ, ఒంగోలు కాలేజీ ల్యాబ్‌లో చేసిన వెన్వ్ (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ వాతావరణం) ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో కావలి తెచ్చుకుంటే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ కూడా పలకడంలేదన్నావు. తప్పు నువ్వు వాడే పాండాస్ లైబ్రరీది కాదు. వెన్వ్ తను పుట్టిన చోటి దారిని లోపల రాసిపెట్టుకుంటుంది. ఆ ఫోల్డర్లోని పైవెన్వ్ డాట్ సీఎఫ్‌జీ (pyvenv.cfg) ఫైల్ తెరువు, 'హోమ్' వరుసలో ల్యాబ్ మెషీన్‌లోని పైథాన్ దారే కనిపిస్తుంది. అది మీ ఇంట్లో ఎక్కడుంటుంది?

ఆ ఫోల్డర్ తీసెయ్. నీ కోడ్ అందులోనే ఉంటే మాత్రం ముందు బయటికి తెచ్చుకో, ఇది మరిచిపోవద్దు. ల్యాబ్‌లో వెన్వ్ యాక్టివేట్ చేసి, పిప్ ఫ్రీజ్ ఇచ్చిన ప్యాకేజీల జాబితాను రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో దాచు. చిన్న ఫైలే, వాట్సాప్‌లో పంపుకోవచ్చు. ఇంట్లో కొత్త వెన్వ్ చేసి యాక్టివేట్ చేశాక, పిప్ ఇన్‌స్టాల్ పక్కన మైనస్ ఆర్ పెట్టి ఆ ఫైల్ పేరివ్వు. రెండుచోట్లా పైథాన్ వెర్షన్ ఒకటైతే మేలు. తర్వాత దేన్ని అప్‌గ్రేడ్ చేసినా పిప్ చెక్ నడుపు, పొసగని వెర్షన్లుంటే పేర్లతో చెప్తుంది.