ముప్పై లక్షల పానిగాలే వీ4 గుంటూరులో ఉండేవాళ్లకు గిట్టుబాటవుతుందా?

మీరు అడిగింది ఇదీ: గుంటూరులో ఉంటారు, సొంత వ్యాపారం, డబ్బుకు ఇబ్బంది లేదు. ఇటలీ కంపెనీ డుకాటి చేసే రేసు తరహా బైక్, కొత్త పానిగాలే వీ4 మీద మనసు పడింది. నాన్నగారేమో "కారు వచ్చే డబ్బుతో బండేంట్రా" అంటున్నారు. ఆ రేటుకు తగ్గ బండేనా, కాదా అని.

నేను విజయవాడ పటమటలో ఉంటాను. జపాన్ కంపెనీ వాళ్ల నాలుగు సిలిండర్ల లీటర్ బైక్ (అంటే దాదాపు వెయ్యి సీసీ బండి) కొన్నేళ్లుగా నడుపుతున్నాను. పానిగాలే వీ4 నాకు లేదు కానీ, స్నేహితుడి దగ్గరున్న పాత మోడల్‌ను చెన్నై రేస్ ట్రాక్ మీదా, ఇక్కడి రోడ్ల మీదా నడిపాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండి ఆ ధరకు తగినదే. అయితే ఆ ధరలో మీరు కొనుక్కునేవి చాలావరకు ట్రాక్ మీద తప్ప బయటపడవు. ఏడాదిలో కొన్నిసార్లయినా చెన్నై వెళ్లి ట్రాక్ ఎక్కే ఉద్దేశం ఉంటే నిశ్చింతగా కొనండి. గుంటూరు, విజయవాడ మధ్య తిరగడానికే అయితే వద్దు.

ధర సంగతి చూద్దాం. 2025 మార్చిలో మన దేశంలో విడుదలైనప్పుడు ఎక్స్‌షోరూం 29.99 లక్షలు. ఓలిన్స్ కంపెనీ ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ (తనంతట తాను సర్దుకునే షాక్ అబ్జార్బర్లు) ఉండే వీ4 ఎస్ అయితే 36.50 లక్షలు. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బైకులకు జీఎస్టీ 40 శాతం చేశారు. అంతకుముందు సెస్సుతో కలిపి 31 శాతమే. కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన రేటు పట్టుకుని లెక్కలు వేయకండి, ఇవాళ్టి కొటేషన్ రాయించుకోండి. పైన మన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిసి ఇంకో నాలుగైదు లక్షలు తేలిగ్గా అవుతాయి.

పన్నులు పోను మిగిలిన డబ్బుకు వస్తువు ఇస్తున్నారు, అందులో అనుమానం లేదు. 1103 సీసీ వీ4 ఇంజన్ (వీ ఆకారంలో అమర్చిన నాలుగు సిలిండర్లు), 216 హార్స్‌పవర్, పెట్రోల్ పోయకముందు బరువు 191 కిలోలు. మామూలు బండ్లలో క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, చక్రాలు తిరిగే వైపే తిరుగుతుంది, దీంట్లో ఎదురు తిరుగుతుంది. అందుకే అంత పవర్ ఉన్నా ఒక వంపులోంచి ఇంకో వంపులోకి బండి తేలిగ్గా వాలుతుంది, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ముందు చక్రం లేవకుండా కొంత ఆపుతుంది. 2022 నుంచి 2025 దాకా నాలుగేళ్లూ ప్రపంచ బైక్ రేసుల్లో అన్నిటికన్నా పెద్దదైన మోటోజీపీలో రైడర్ టైటిల్ డుకాటి నడిపినవాళ్లకే వచ్చింది. ఆ రేసు బండి ఆలోచనలు షోరూం బండిలోకి నిజంగానే దిగాయి. పోస్టర్ కోసం చెప్పుకునే మాట కాదిది, ట్రాక్ మీద చేతికి తెలుస్తుంది.

ఎలా తెలుస్తుందో చెబుతాను. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. మలుపులోంచి బయటికి వస్తూ, బండి ఇంకా పక్కకు వాలి ఉండగానే యాక్సిలరేటర్ తిప్పితే, వెనక టైరు బెత్తెడు జారి మళ్లీ పట్టుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద ట్రాక్షన్ కంట్రోల్ (టైరు జారకుండా పవర్ తగ్గించే ఏర్పాటు) లైటు మిణుకుమంటుంది. అంతే, మీరు చేయాల్సిందేమీ లేదు. నా బండి మీద అదే చోట నేను భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తాను. ఆ తేడాకే మీరు అన్ని లక్షలు పెడుతున్నారు. నా మట్టుకు నాకు ఆ ఒక్క అనుభవం కోసం ఎవరైనా ఆ డబ్బు పెట్టడం తప్పు కాదనిపించింది.

ఇప్పుడు మన రోడ్లకు వద్దాం. నాలుగు లైన్ల హైవే మీద టూవీలర్‌కు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, ఊళ్లలో 60. ఈ బండి మొదటి గేరులోనే వంద దాటేస్తుంది. 80లో పోవాలంటే దీనికి రెండో గేరు చాలు. పై గేర్లు, గాలితో బండిని నేలకు నొక్కే ఆ రెక్కలు, ఆ బ్రేకులు, అన్నీ ఊరికే మోసుకు తిరగడమే. "పొద్దున్నే ఐదింటికి రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా" అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద ఆ టైములో కుక్కలు పడుకుని ఉంటాయి, గొర్రెల మంద అడ్డం వస్తుంది. పంట చేతికొచ్చే రోజుల్లో పల్లె రోడ్ల మీద సగం దాకా మొక్కజొన్న ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురుగా రాంగ్ రూట్‌లో లైటు లేని ట్రాక్టర్ వస్తుంది. రెండు వందల స్పీడులో వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా ఎంత ఖరీదైన బ్రేకూ కాపాడదు. దయచేసి మన హైవేని ట్రాక్ అనుకోకండి. ఈ మాట చాలా గట్టిగా చెబుతున్నాను.

వేడి ఇంకో సంగతి. ఈ ఇంజన్‌లో వెనక రెండు సిలిండర్లు సరిగ్గా మీ తొడల కింద ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాటిని ఆపేసే ఏర్పాటు కంపెనీ చేసింది, పని చేస్తుంది కూడా. అయినా మే నెల మధ్యాహ్నం కృష్ణా మీది వారధి మీద ట్రాఫిక్ ఆగిపోయి, ముందు బస్సు, పక్కన ఇసుక లారీ, బరువంతా మణికట్ల మీద వేసుకుని క్లచ్ నొక్కి పట్టుకుని ఉంటే, పది నిమిషాలకే దిగి తోసుకుంటూ పోదామా అనిపిస్తుంది. ఫ్యాన్ తిరిగిన కొద్దీ ఆ వేడిగాలి మోకాళ్లకే కొడుతుంది. వేడికి తట్టుకోలేక హెల్మెట్ అద్దం పైకెత్తామా, మిర్చి సీజన్లో ముందు పోయే లారీలోని మిర్చి టిక్కీల (బస్తాల) ఘాటు కళ్లలోకి వచ్చేస్తుంది. గుంటూరు వాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు.

సర్వీస్ గురించి షోరూంలో గట్టిగా అడగండి. నా బండి పడి లివరు, ఒక పక్క ఫెయిరింగ్ (బండి పై తొడుగు) విరిగితే, ఆ స్పేర్లు రావడానికి నెలలు పట్టింది. పక్కా తేదీ ఎవరూ చెప్పలేదు. మన ఆటోనగర్ మెకానిక్కులు ఇనుముతో ఏదైనా చేయగల ఘటికులే కానీ, ఇలాంటి బండి ఎలక్ట్రానిక్స్ ముట్టుకోవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే. పానిగాలేకు ఆయిల్ సర్వీస్ 12,000 కిలోమీటర్లకు, వాల్వ్ క్లియరెన్స్ (ఇంజన్ లోపలి వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) చూడటం 24,000కు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ పని చేసేచోటుకు బండిని ఎలా చేర్చాలి, ఎవరు తెస్తారు అన్నది బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. టైర్లు మెత్తటి రకం, జత మార్చాలంటే అర లక్ష దాకా అవుతుంది.

ట్రాక్ ఉద్దేశం ఉన్నా ఒక జాగ్రత్త. రేసింగులో, స్పీడ్ టెస్టింగులో జరిగిన నష్టానికి మామూలు మోటార్ పాలసీ వర్తించదు. ట్రాక్ మీద పడితే ఖర్చంతా మీదే. లెదర్ సూట్, మంచి బూట్లు, గ్లోవ్స్ కూడా బడ్జెట్లోనే వేసుకోండి.

మీరే నా తమ్ముడైతే ఏం చెబుతానంటే, ముందు అప్రిలియా ఆర్‌ఎస్ 457 కొనమంటాను. 457 సీసీ, రెండు సిలిండర్లు, మన బారామతిలోనే తయారవుతుంది, 2023 చివర్లో 4.10 లక్షలకు వచ్చింది. ఇంకా తక్కువలో కావాలంటే టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310. అది 350 సీసీ లోపే కాబట్టి జీఎస్టీ 18 శాతమే. అలాంటి బండితో ఏడాదిపాటు ట్రాక్ స్కూల్లో నేర్చుకోండి. చిన్న బండిని దాని హద్దు దాకా నడిపినవాడికే పెద్ద బండి దేనికి ఉందో అర్థమవుతుంది. ఆ తర్వాత కూడా పానిగాలే మీదే మనసుంటే, నాన్నగారితో మాట్లాడటానికి మీ దగ్గర అసలైన కారణం ఉంటుంది. ఆయన భయం డబ్బు గురించి అయి ఉండదు, మీ ప్రాణం గురించే అని నా నమ్మకం.

అప్పుడు కూడా కొత్తదే కొనాలని లేదు. తక్కువ తిరిగిన రెండు మూడేళ్ల లీటర్ బైకులు హైదరాబాద్‌లో దొరుకుతుంటాయి. సర్వీస్ రికార్డు మొత్తం చూడండి. ఇంజన్ కేసు అంచులు, హ్యాండిల్ చివర్లు, ఫుట్‌పెగ్‌ల మీద గీతలు ఉన్నాయేమో వెలుతురులో వంగి చూడండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాల్సి వస్తుంది. ఆ మొత్తాన్ని బేరంలోనే తగ్గించుకోండి.