సర్వో వణుకుతోందా? కాలం లెక్క టైమరుకు అప్పగించు

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. రోబో చెయ్యి చక్కగా కుదిరింది. కానీ కదలకుండా నిలబడాల్సినప్పుడు కూడా మణికట్టు వణుకుతోంది. నువ్వు పంపిన ప్రోగ్రాం చూశాక కారణం తెలిసింది. తప్పు సర్వోది (చెప్పిన కోణానికి తిరిగి నిలిచే ఆ చిన్న మోటారుది) కాదు, కొత్తది కొనకు.

సర్వో చూసేది పల్సు వెడల్పునే, అంటే పిన్ను మీద వోల్టేజీ పైకి లేచి ఉన్న కాలాన్నే. 20 మిల్లీసెకన్లకు ఒక పల్సు రావాలి. అది 1.5 మిల్లీసెకన్లుంటే సర్వో నడుమన నిలుస్తుంది, 1 అయితే ఒక పక్కకు, 2 అయితే మరో పక్కకు తిరుగుతుంది. ఆ ఒక్క మిల్లీసెకను తేడాలో సుమారు 90 డిగ్రీలున్నాయి. అంటే డిగ్రీకి 11 మైక్రోసెకన్లు! నువ్వేమో పిన్నును పైకెత్తి, డిలేతో ఆగి, దించుతున్నావు. మిల్లీస్ (బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే) లెక్క కోసం చిప్పులోని టైమర్0 అనే కౌంటరు ప్రతి 1.024 మిల్లీసెకన్లకూ ఇంటరప్ట్ ఇస్తుంది, అంటే నీ ప్రోగ్రాంను కాసేపు ఆపి తన పని చేయించుకుంటుంది. పల్సు ముగిసే వేళకు అది అడ్డు తగిలితే పిన్ను ఆలస్యంగా దిగుతుంది. నీకు కనిపిస్తున్న వణుకు అదే.

నీ ఆర్డ్యునో ఊనో బోర్డులోని ఏటీమెగా328పీ చిప్పులో టైమర్1 16 బిట్లది. ఈ పని దానికివ్వు. 256 లెక్కలకే నిండే 8 బిట్ల టైమర్2 జోలికి వెళ్లకు. గడియారాన్ని 1024తో భాగించినా అది 16.4 మిల్లీసెకన్లకే నిండిపోతుంది, పైగా ఒక్కో అడుగు 64 మైక్రోసెకన్లు, అంటే దాదాపు ఆరు డిగ్రీలు.

టైమర్1కు 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 8తో భాగించి ఇస్తే ఒక్కో లెక్క అర మైక్రోసెకను అవుతుంది. 20 మిల్లీసెకన్లకు 40,000 లెక్కలు. సున్నా కూడా లెక్కలోదే కనుక ఐసీఆర్1 అనే రిజిస్టరులో (టైమరు అమరిక విలువ ఉండే గడిలో) 39999 రాయి. ఐసీఆర్1 విలువ దాకా లెక్కపెట్టి మళ్లీ మొదలుపెట్టే ఫాస్ట్ పీడబ్ల్యూఎం 14వ మోడు ఎంచుకుని, పల్సు వెడల్పును నిర్ణయించే ఓసీఆర్1ఏలో 2999 పెడితే 9వ పిన్ను మీద సరిగ్గా 1.5 మిల్లీసెకన్ల పల్సు వస్తుంది. రెండో సర్వోకు ఓసీఆర్1బీ, 10వ పిన్ను. రెండు పిన్నులనూ అవుట్‌పుట్‌గా పెట్టడం మరవకు.

నన్ను రెండు రోజులు ఏడిపించిన సంగతి ఒకటి చెప్తాను. ఆర్డ్యునో నీ ప్రోగ్రాం మొదలవకముందే టైమర్1ను తన అవసరానికి సిద్ధం చేసి ఉంచుతుంది. నేను పాత బిట్లను తుడవకుండా నావి కలిపాను. అప్పుడు 14వ మోడు కాస్తా 15వది అయింది. అందులో ఓసీఆర్1ఏయే పూర్తి కాలాన్ని నిర్ణయిస్తుంది, ఐసీఆర్1కు విలువే లేదు. అందుకే ముందు మోడు, గడియారం బిట్లుండే టీసీసీఆర్1ఏ, టీసీసీఆర్1బీ రెండింటినీ సున్నా చేయి. తర్వాత 14వ మోడు బిట్లు పెట్టి, ఆపైన ఐసీఆర్1, ఓసీఆర్1ఏ విలువలు రాయి. గడియారం బిట్లు అన్నిటికన్నా చివర. టైమరు నడుస్తుండగా ఓసీఆర్1ఏ మార్చినా భయం లేదు. కొత్త విలువ తర్వాతి పల్సు నుంచే అమలవుతుంది, జరుగుతున్న పల్సు మధ్యలో తెగదు.

విద్యుత్తు మాత్రం బోర్డు నుంచి తీసుకోకు. సర్వోలకు వేరే 5 వోల్టుల సప్లై పెట్టి, రెండింటి గ్రౌండ్లనూ కలుపు. పల్సు సరిగ్గా వచ్చాక కూడా చెయ్యి అదిరితే, మొదట ఆ తీగలే చూడు.

ఆదివారం ఫోను చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య