వాక్స్ ఏసీ30 గిటార్ ఆంప్‌లో మోత: వాల్వులు కాదు, ఫిల్టర్ కెపాసిటర్లు చూడండి

తమ్ముడూ, పర్లాకిమిడిలో మీ పెదనాన్నగారి వాక్స్ ఏసీ30 గిటార్ ఆంప్ (యాంప్లిఫయర్) పదేళ్ల తర్వాత ఆన్ చేస్తే గుంయ్‌మంటోంది, శబ్దాన్ని పెంచే నాలుగు ఈఎల్84 వాల్వులూ (గాజు గొట్టాలు) మార్చినా తగ్గలేదు, ఆంప్ వాల్యూమ్ సున్నాలో పెట్టినా అంతే అన్నావు. ఆ చివరి మాటే అసలు ఆధారం. తప్పు గిటార్‌లోనో కేబుల్‌లోనో ఉంటే సున్నాకి మోత ఆగిపోవాలి.

గిటార్‌ని ఆంప్‌కి తగిలించకుండా ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గర మీటి చూడు. అది 98 హెర్ట్జ్. మోత దాదాపు అదే శ్రుతిలో ఉంటే 100 హెర్ట్జ్ అన్నమాట: మన 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు రెక్టిఫై అయ్యాక (డీసీగా మారాక) మిగిలిన అలని, దాన్ని చదును చేయాల్సిన ఫిల్టర్ కెపాసిటర్లు పట్టలేకపోతున్నాయి. ఒక స్థాయి కింద వినిపిస్తే ఎర్తింగో, వాల్వుల్ని వేడిచేసే హీటర్ వైరింగో చూడాలి.

ఈ ఫిల్టర్ కెపాసిటర్లు ఎలక్ట్రోలైటిక్ రకం, వాడకుండా ఉంచినా పాడవుతాయి. నా పాత ఆంప్‌లో ఒకదాని అడుగున గోధుమరంగు జిగురు కారి గట్టిపడి ఉంది. అవి మార్చగానే మోత పోయింది.

నువ్వు మాత్రం విప్పకు. స్విచ్ ఆపినా లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, ప్రాణం పోతుంది. బరంపురం వైపు పాత వాల్వు రేడియోలు బాగుచేసే మేస్త్రీ ఎవరైనా దొరికితే వాళ్లకే ఇవ్వు. కొత్త కెపాసిటర్ల వోల్టేజీ రేటింగ్ పాతవాటికి తగ్గకూడదని చెప్పు.

బాగయ్యాక క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయన్ మే పద్ధతి ప్రయత్నించు: ఆంప్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి, హెచ్చుతగ్గులన్నీ గిటార్ నాబ్‌తోనే.