చిక్కుడు పాదు మీద పేనుబంక, దాని కడుపులో బుక్నెరా

ప్రశ్న: పురుగుల ఒంట్లో బతికే బ్యాక్టీరియాకి జన్యువులు ఎందుకు తగ్గిపోతాయి? వాడకపోవడం వల్లేనా?

వాడకపోవడం వల్ల కాదండీ. విజయవాడలో జువాలజీ చెప్పిన పదకొండేళ్లూ పేపర్లలో ఈ మాటే దిద్దుతూ కూర్చున్నాను. పాడవడం అందరి జన్యువులూ పాడవుతూనే ఉంటాయి. బయట తిరిగే బ్యాక్టీరియాకి పనికొచ్చేది పాడైతే అది చస్తుంది, అక్కడితో లెక్క సరి. పురుగు లోపల ఉన్నదానికి చాలా జన్యువులు పోయినా కూడు ఆగదు. అంతే తేడా.

గుంటూరులో మా పెరట్లో చిక్కుడు పాదు ఉండేది. సంక్రాంతి దగ్గరపడేసరికి లేత కొసలన్నీ పేనుబంకతో నల్లబడి, ముట్టుకుంటే వేళ్లు అంటుకునేవి. అమ్మ పొద్దున్నే పొయ్యిలో బూడిద తెచ్చి చల్లేది. ఒక ఆదివారం సాయంత్రం కొస ఒకటి తుంచి, తడిగుడ్డలో చుట్టి, బస్సులో బెజవాడ పట్టుకెళ్లాను. సోమవారం ల్యాబ్‌లో ఒక పురుగుని ఉప్పునీటి చుక్కలో పెట్టి, కవర్‌స్లిప్ వేసి మెల్లగా నొక్కితే చిట్లింది. లోపల్నుంచి పెద్ద పెద్ద కణాలు జారాయి. ఒక్కోదాని నిండా కిక్కిరిసి గుండ్రటి గింజలు, ఉడికిన సగ్గుబియ్యంలా. అవే బుక్నెరా, పేనుబంక ఒంట్లో బతికే బ్యాక్టీరియా. పిల్లలు ఎగబడి చూస్తుంటే పైనుంచి పిలుపు: "సిలబస్‌లో లేనివి ఎందుకు సార్?" ఆ కాలేజీలో మైక్రోస్కోపులు నాలుగుంటే, మూడింటిని ముసుగేసి తనిఖీల కోసం దాచేవాళ్లు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

బుక్నెరాకి చుట్టం మన పేగుల్లో ఉండే ఈ.కోలై. దాని డీఎన్‌ఏ సుమారు 46 లక్షల అక్షరాలు. బఠాణీ మొక్క పేనుబంకలోని బుక్నెరాది 2000లో చదివితే 6.4 లక్షలే తేలింది. కోట్ల ఏళ్ల కాపురం మరి. తల్లి నుంచి పిల్ల పురుగుకి దాటేవి కాసిని బ్యాక్టీరియాలే, వాటిలో ఏ లోపం ఉన్నా ఆ వంశానికంతా అదే గతి. బయటివాళ్ల దగ్గర మంచి జన్యువు అరువు తెచ్చుకుందామా అంటే గడప దాటే దారి లేదు. డీఎన్‌ఏని బాగుచేసే జన్యువులే కొన్ని పోయాయి, ఇంక చెప్పేదేముంది!

మిగిలినవాటిలో ముఖ్యమైనవి అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లకి కావాల్సిన ముడిసరుకు, చేసిపెట్టేవి. పేనుబంక తాగే మొక్క రసంలో చక్కెరకి కొదవ లేదు, ఈ సరుకే చాలదు. ఆ జన్యువులు పోతే పురుగు చస్తుంది, దాంతోపాటు బుక్నెరా కూడా. అందుకే "తిని కూర్చుని బద్ధకించింది" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఇంట్లో వంట చేసేదే అది! నన్నడిగితే దాన్ని బ్యాక్టీరియా అనడం మానేసి, గుండె, కాలేయం లాగా పురుగు అవయవాల్లో రాసేయాలి.

ఇంకోటి. శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరాక మా పాదు మీద బంక కనపడేది కాదు. బూడిద మహత్యం అనేది అమ్మ. బుక్నెరాకి వేడి పడదు. బఠాణీ పేనుబంకలో అయితే, బుక్నెరా వేడి తట్టుకోవడానికి వాడే ఒక జన్యువు ముందు ఒక్క అక్షరం ఎగిరిపోయినా, చిన్నప్పుడు వేడి తగిలిన పురుగు పెద్దయ్యాక పిల్లల్ని పెట్టడం దాదాపు మానేస్తుందని 2007లో తేల్చారు. మా పెరట్లో జరిగిందీ అదేనని నేను వాదించేవాణ్ని.

"పాదే ఎండిపోయింది కదరా, ఇంక పురుగెక్కడ ఉంటుంది?" అనేవారు నాన్న.